అనుమానం ప్రమాణమెట్లా అవుతుంది?

మన సంఘం పత్రికలో తత్వశాస్త్రం మీద విమర్శ ఏమిటని కొందరు పాఠకులు బుగ్గలు నొక్కుకోవచ్చు. ఇకామాలు, పిల్లల స్కూలు ఫీజులు, ఉగాది నాటకానికి హాలు దొరకడం - మనకున్న తలనొప్పులు చాలవా అని కూడా అనవచ్చు. అంచేత ఈ వ్యాసం ఎక్కడ పుట్టిందో ముందు చెప్పుకొని, తర్వాత విమర్శలోకి దిగుతాము.

కొన్నాళ్ళ క్రితం నడుము నొప్పితో ఒక కుర్రవాడు మా క్లినిక్కుకు వచ్చాడు. జగిత్యాల వైపు వాడు. ఇక్కడ ఒక గోదాములో సామాను ఎత్తి దించే పని. పరీక్ష చేసి, మందు రాసి, బరువు ఎట్లా ఎత్తాలో చెప్పి పంపేయబోతుంటే అతని చంకలో ఒక తెలుగు పుస్తకం కనిపించింది. ఏం పుస్తకం బాబూ అని అడిగాము. దూరవిద్యలో బి.ఏ. చదువుతున్నాడట. సెలవు సంపాదించి ఊరికి వెళ్ళి పరీక్షలు రాసి వస్తాడట. మూడు ఐచ్ఛికాలలో ఒకటి తత్వశాస్త్రం. పుస్తకాలు తక్కువ, తేలిక అని ఎవరో చెబితే తీసుకున్నాడు. పుస్తకం తెరిచి ఒక చోట వేలు పెట్టాడు.

"సార్, అనుమానం ఒక ప్రమాణం అని రాసిండ్రు. అనుమానం ఎట్ల ప్రమాణం అయితది? అనుమానం ఉంటేనే గద ప్రమాణం చేయిస్తరు?"

మేము నవ్వాము. అతను నవ్వలేదు. "రెండుసార్లు తప్పిన సార్ ఈ పేపరు. ఇంకోసారి తప్పితే ఇడిసిపెడ్త" అన్నాడు.

ఆ పుస్తకం ఒక వారం అడిగి తీసుకొని మొత్తం చదివాము. పుస్తకం పేరు, ప్రచురించినవారి పేరు ఇక్కడ అనవసరం. ఆ మాటకొస్తే ఈ దోషం ఆ ఒక్క పుస్తకానిది కాదు. తెలుగులో కాలేజీ పిల్లల కోసం రాసిన తత్వశాస్త్ర గ్రంథాలలో మేము చూసిన కొద్దిపాటి వాటిలోనూ ఎక్కువ భాగానిది. రాసినవారికి పాండిత్యం లేదని మేము అనడం లేదు. పాండిత్యం ఉన్నది, తప్పులు కూడా పెద్దగా లేవు. లేనిదల్లా చదివేవాడు ఎక్కడ నిలబడి ఉన్నాడో చూసే చూపు.

ఆ కుర్రవాడి ప్రశ్ననే తీసుకుందాము. న్యాయ దర్శనంలో ప్రమాణమంటే సరియైన జ్ఞానానికి సాధనం. అవి నాలుగు: ప్రత్యక్షం, అనుమానం, ఉపమానం, శబ్దం. కంటితో చూసినది ప్రత్యక్షం. ఒక గుర్తును చూసి కనిపించనిదాన్ని ఊహించి తేల్చుకోవడం అనుమానం. తెలిసినదాని పోలికతో తెలియనిదాన్ని గుర్తుపట్టడం ఉపమానం. నమ్మదగినవాడి మాట శబ్దం. పుస్తకంలో ఈ నిర్వచనాలన్నీ ఉన్నాయి. కాని తెలుగువాడి ఇంట్లో అనుమానమంటే సందేహం, ప్రమాణమంటే ఒట్టు, శబ్దమంటే చప్పుడు. నిర్వచనం చదివినా ఇంటి అర్థం ఎక్కడికీ పోదు. అది లోపల కూర్చొని కొత్త అర్థాన్ని రానివ్వదు. "ఈ మాట మీ ఇంట్లో ఒక అర్థంలో వాడతారు, ఇక్కడ మరొక అర్థం" అని ఒక్క వాక్యం రాస్తే సరిపోయేది. ఆ వాక్యం పుస్తకం మొత్తం మీద ఎక్కడా లేదు.

ఇట్లాంటి మాటలు లెక్కపెట్టడం మొదలుపెడితే మాకే ఆశ్చర్యం వేసింది. న్యాయ శాస్త్రంలో వాదానికి అయిదు అంగాలు: ప్రతిజ్ఞ, హేతువు, ఉదాహరణ, ఉపనయం, నిగమనం. మన పిల్లవాడికి ప్రతిజ్ఞ అంటే బడిలో చెయ్యి చాపి చేసేది. ఉపనయం అంటే వడుగు. స్పినోజా అధ్యాయంలో ప్రపంచమంతా ఒకే ద్రవ్యం అని ఉంటుంది. వార్తాపత్రికలో ద్రవ్యోల్బణం చదివినవాడు అది డబ్బు అనుకుంటే తప్పు ఎవరిది? భావనను ప్రత్యయం అన్నారు. పదో తరగతి దాకా ప్రత్యయమంటే వ్యాకరణంలో మాట చివర చేరేది. భావవాదం అనగానే భావకవిత్వం గుర్తుకు వస్తుంది. నిగమనం మరీ చిత్రం: భారతీయ తర్కం అధ్యాయంలో అది అయిదో అంగం, అంటే ముగింపు మాట, పాశ్చాత్య తర్కం అధ్యాయంలో అదే మాట సామాన్య సూత్రం నుంచి విశేషానికి దిగే పద్ధతికి పేరు. దానికి ఎదురు పద్ధతి ఆగమనం. ఆ మాటకు మనకు తెలిసిన అర్థం రావడం. ఒకే పుస్తకంలో ఒకే మాట రెండు వేషాలు వేస్తుంటే చెప్పేవాడు లేడు.

అన్నిటికంటే పెద్ద గందరగోళం హేతువాదం. తెలుగుదేశంలో హేతువాదమంటే త్రిపురనేని రామస్వామి చౌదరి నుంచి రావిపూడి వెంకటాద్రి దాకా సాగిన ఒక ఉద్యమం. దేవుణ్ణి, శాస్త్రాలను నిలదీసేది. పుస్తకం తెరిస్తే డెకార్ట్ హేతువాది అని ఉంటుంది. రెండు పేజీల తర్వాత డెకార్ట్ దేవుడున్నాడని రుజువు చేస్తుంటాడు. ఇక్కడ హేతువాదమంటే అర్థం వేరు: జ్ఞానానికి ఇంద్రియాల కంటె బుద్ధి మూలమని చెప్పే పక్షం. ఈ సంగతి తెలియని పిల్లవాడు డెకార్ట్ మాట మార్చాడనుకుంటాడు, లేదా తనకు బుర్ర లేదనుకుంటాడు. సాధారణంగా రెండోదే అనుకుంటాడు. మా కోపమంతా అక్కడ.

ఇది తెలుగుకు పట్టిన శాపమేమీ కాదు. అమెరికాలో కమ్యూనిటీ కాలేజీలని రెండేళ్ళ కాలేజీలున్నాయి. పగలు ఉద్యోగం చేసుకొని సాయంత్రం చదువుకునేవాళ్ళు, ఇంట్లో మొదటిసారి కాలేజీ గడప తొక్కినవాళ్ళు అక్కడ చేరతారు. సౌదీలోనూ యూనివర్సిటీలకు అనుబంధంగా కమ్యూనిటీ కాలేజీలు పెట్టారు. అమెరికన్ పిల్లవాడికి ఆర్గ్యుమెంట్ అంటే ఇంట్లో అర్థం పోట్లాట. తర్కం క్లాసులో అర్థం వాదం. ఐడియలిస్టు అంటే ఇంట్లో ఆదర్శాలున్న మంచివాడు. తత్వశాస్త్రం క్లాసులో జగత్తు మనస్సును ఆశ్రయించి ఉన్నదనేవాడు. తెలివైన అధ్యాపకుడు మొదటి రోజునే ఈ తేడా చెప్పి ముందుకు సాగుతాడు. మన దూరవిద్య విద్యార్థికి ఆ మొదటి రోజు లేదు, ఆ అధ్యాపకుడూ లేడు. అతనికి పుస్తకమే గురువు. అంచేత మిగతావారి పుస్తకం కంటె అతని పుస్తకం పదింతలు జాగ్రత్తగా ఉండాలి.

ఇక ఆ కుర్రవాడికి మేము ఏం చెప్పామో వినండి. మా గొప్ప కోసం కాదు. కష్టం ఆలోచనలో ఉన్నదా, మాటలో ఉన్నదా అన్న తగువు ఇక్కడే తేలుతుంది కనుక.

దూరాన కొండ మీద పొగ కనిపిస్తే అక్కడ నిప్పున్నదంటావా అని అడిగాము. అంటానన్నాడు. చూశావా? లేదు. మరి ఎట్లా అంటావు? "మా పొయ్యిల జూసినం గద సార్, నిప్పు లేంది పొగ రాదు." అదే అనుమాన ప్రమాణం. అతను చెప్పిన జవాబులోనే హేతువూ ఉదాహరణా వచ్చేశాయి. డాక్టరు చేసేదీ అదేనని చెప్పాము. రోగిని లోపలికి దూరి చూడము. దగ్గు, జ్వరం, ఎక్సురేలో మచ్చ చూసి ఊపిరితిత్తులలో ఏముందో తేల్చుకుంటాము.

అప్పుడు అతను, "మరి పొగ ఉండి నిప్పు లేకపోతే?" అన్నాడు. కాలేజీకి రెగ్యులరుగా వెళ్ళినవాడు కాదు, రెండుసార్లు తప్పినవాడు, అడిగిన ప్రశ్న ఇది! ఇదే ప్రశ్న చార్వాకులు నైయాయికులను అడిగారు: ఇంతవరకు చూసిన పొగలన్నిటికీ నిప్పు ఉండవచ్చు, ఇకముందు ఉంటుందని ఎవరు హామీ? స్కాట్లండులో హ్యూమ్ 1748లో వెలువడిన తన గ్రంథంలో ఇంచుమించు ఇదే అడిగాడు. మా వృత్తిలో జవాబు ఇంకా సరిగ్గా దొరకలేదు. దగ్గు, జ్వరం, మచ్చ కలిస్తే ఫలానా నిమోనియా అని వైద్యులు తేల్చుకుంటూ వచ్చారు. 2012లో ఇదే దేశంలో, జెడ్డాలో, ఆ గుర్తులతోనే వచ్చిన రోగిలో ఎవరూ ఎరగని కరోనా వైరస్ బయటపడింది. దానికే తర్వాత మెర్స్ అని పేరు పెట్టారు, ఒంటెలతో దానికి సంబంధముందని కనిపెట్టారు. పాత నియమం అబద్ధం కాదు. కాని అది ఎంతవరకు నిజమో ఆ రోజున తెలిసింది.

నైయాయికులు ఊరుకోలేదు. పొగ ఉన్నచోట నిప్పు ఉంటుంది గాని, నిప్పు ఉన్నచోటల్లా పొగ ఉండదన్నారు. ఎర్రగా కాలిన ఇనుపముద్దలో నిప్పుంది, పొగ లేదు. పొగ రావాలంటే తడి కట్టె కలవాలి. చాటుగా ఉండి పని నడిపించే ఈ తడి కట్టెకు వాళ్ళు పెట్టిన పేరు ఉపాధి. పాఠకులు నవ్వుకోవచ్చు, మనమందరం సముద్రం దాటి వచ్చింది ఉపాధి కోసమే. కాని ఆ మాట వెనక ఉన్న ఆలోచన ఎంత పదునైనదో చూడండి. కాఫీ ఎక్కువ తాగేవాళ్ళలో ఊపిరితిత్తుల కాన్సరు ఎక్కువగా కనిపిస్తే, కాఫీ వల్లనే అనుకోకు, కాఫీతోబాటు సిగరెట్టు కాలుస్తున్నారేమో చూడమని మాకు వైద్యకళాశాలలో నేర్పుతారు. ఆ సిగరెట్టు ఇక్కడి తడి కట్టె. మేము ఇంగ్లీషులో ఏదో కొత్త సంగతి నేర్చుకున్నామని మురిసిపోయిన దానికి దగ్గరి చుట్టం మన తర్క గ్రంథాలలో ఎప్పటినుంచో ఉన్నదని ఆ గోదాము కుర్రవాడి పుస్తకం చదివితే తెలిసింది. పుస్తకంలో ఉపాధికి ఇచ్చింది మాత్రం రెండు పంక్తులు. ఇనుపముద్ద లేదు, తడి కట్టె కూడా లేదు.

తర్వాత శబ్ద ప్రమాణం వచ్చింది. ఆప్తుని మాట ప్రమాణం అని పుస్తకం. ఆప్తుడంటే ఎవరు? మన ఇళ్ళలో ఆప్తుడంటే దగ్గరివాడు, చుట్టం, స్నేహితుడు. న్యాయభాష్యం రాసిన వాత్స్యాయనుడి లెక్క వేరు: విషయం స్వయంగా తెలిసినవాడై ఉండాలి, తెలిసినదాన్ని ఉన్నదున్నట్లు చెప్పాలనే కోరిక ఉన్నవాడై ఉండాలి. ఈ లక్షణం ఋషికైనా ఆర్యుడికైనా మ్లేచ్ఛుడికైనా ఒక్కటేనని కూడా ఆయన స్పష్టంగా చెప్పాడు. పుట్టుక, వరస, వేషం లెక్కలోకి రావు.

ఇది చెప్పగానే కుర్రవాడు కాసేపు మాట్లాడలేదు. ఆ తర్వాత అన్నాడు: "నన్ను పంపింది మా మేనబావనే సార్. ఆఫీసుల పని అన్నడు. ఆయినకు తెల్వకనా, తెలిసి చెప్పలేదా?"

మేము దానికి జవాబు చెప్పలేకపోయాము. కాని రెండు ప్రశ్నలను వేరుచేసి అడగటం అతనికి వచ్చేసిందని గమనించాము. తెలియక చెప్పినవాడు ఒకడు, తెలిసి దాచినవాడు మరొకడు. ఇద్దరూ ఆప్తులు కారు, అయినా ఇద్దరి మీదా మన కోపం ఒకటి కానక్కరలేదు. ఈ రెండు పంక్తులు ఊళ్ళో ఉండగానే ఎవరన్నా చెప్పి ఉంటే వీసా కాగితం మీద సంతకం పెట్టేముందు అతను మరొక ప్రశ్న అడిగేవాడేమో. అడిగినా వచ్చేవాడేమో. అప్పులున్నవాడికి తర్కం ఒక్కటే చాలదు. అయినా తెలిసి రావడం వేరు.

"కూలి పని చేసుకునేవాడికి తత్వశాస్త్రమెందుకండీ, కంప్యూటరు నేర్పరాదా?" అని మన సంఘంలోని పెద్దమనిషి ఒకరు మాతో అన్నారు. మంచి ఉద్దేశంతోనే అన్నారు. మేము కంప్యూటరుకు వ్యతిరేకులం కాము. కాని ఈ ప్రశ్నకు న్యూయార్కులో ఒక జవాబు దొరికింది. ఎర్ల్ షోరిస్ అనే రచయిత పేదరికం మీద పుస్తకం రాయడానికి తిరుగుతూ ఒక స్త్రీల జైలులో వినీస్ వాకర్ అనే ఖైదీని కలిశాడు. పేదలకు కావలసింది ఏమిటంటే, ఉన్నవాళ్ళ పిల్లలకు దొరికే నాటకాలు, మ్యూజియములు, ఉపన్యాసాలు వీళ్ళకూ దొరకాలని ఆమె తాత్పర్యం. షోరిస్ 1995లో పేదల కోసం క్లెమెంటె కోర్సు అని ఒకటి మొదలుపెట్టాడు. పనిలోకి పనికివచ్చే విద్య కాదు: నీతి తత్వశాస్త్రం, తర్కం, సాహిత్యం, కళ, చరిత్ర. ప్లేటోను తగ్గించి చెప్పలేదు. బల్ల చుట్టూ కూర్చోబెట్టి ప్రశ్నలు అడుగుతూ చదివించారు. ఆ కోర్సు తర్వాత అనేక ఊళ్ళకు పాకింది.

ఇక్కడ రెండో రకం దోషాన్ని కూడా విమర్శించకపోతే మా విమర్శ ఒంటి కంటి చూపు అవుతుంది. తత్వశాస్త్రం కష్టంగా ఉన్నదని కొందరు దాన్ని పిప్పి చేసి పెడుతున్నారు. సోక్రటీసు భార్య గయ్యాళి, డయోజెనీసు పీపాలో ఉండేవాడు, ఫలానావాడు ఇన్ని గంటలకు వాహ్యాళికి వెళ్ళేవాడు - ఇట్లా కథలు చెప్పి, చివర రెండు సూక్తులు అంటించి, సులభ తత్వశాస్త్రం అంటారు. పరీక్ష గైడ్లది మరొక దారి: డెకార్ట్ గురించి అయిదు మార్కులకు ఏం రాయాలి, పది మార్కులకు ఏం రాయాలి. పుట్టిన సంవత్సరం 1596, పోయిన సంవత్సరం 1650, మధ్యలో నాలుగు సిద్ధాంతాలు. ఆయనను రాత్రిళ్ళు నిద్రపోనివ్వని ప్రశ్న ఏమిటో మాత్రం ఉండదు. రోగి చెప్పుకున్న బాధ రాయకుండా మందుల చీటీ మాత్రమే దాచిపెట్టిన కేసుషీటు లాంటిది ఇది. ఏ డాక్టరుకూ దానివల్ల ఉపయోగం లేదు.

మా వృత్తిలో పోలిక ఒకటి చెబుతాము. పల్లెటూరి పెద్దాయనకు గుండెలో రక్తనాళం పూడిందని చెప్పాలి. సంస్కృతంలో హృదయ ధమని అంటే ఆయనకు తెలియదు, ఇంగ్లీషు మాట అసలే తెలియదు. గుండెకు రక్తం తెచ్చే గొట్టం ఇరుకైంది, పొలంలో కాలవకు మట్టి అడ్డం పడ్డట్టు అంటాము. తెలుస్తుంది. అంతేగాని, ఆయనకు అర్థం కావాలని జబ్బును గాసుగా మార్చము. మాటను ఎంతైనా తేలిక చెయ్యవచ్చు. జబ్బును తేలిక చెయ్యకూడదు. తత్వశాస్త్రం చెప్పేవాడికీ ఇదే నియమం. మొదటి రకం గ్రంథకర్తలు మాటను ముట్టుకోరు. రెండో రకంవారు జబ్బునే మార్చేస్తారు.

మధ్యదారి లేదా అంటే ఉన్నది, అది ఈ అరబ్బీ ప్రపంచంలోనే ఎనిమిది వందల ఏళ్ళ కిందట ఇద్దరు వైద్యులు నడిచి చూపించిన దారి. పన్నెండో శతాబ్దంలో అందలూసియాను, మొరాకోను ఏలిన ఖలీఫా అబూ యాకూబ్ యూసుఫ్‌కు అరిస్టాటిల్ అంటే ఇష్టం, కాని ఆ అనువాదాలు ఎంతకీ కొరుకుడు పడలేదు. తన ఆస్థాన వైద్యుడు ఇబ్న్ తుఫైల్‌తో, ఎవరైనా వీటిని తేటగా చెప్పేవారుంటే బాగుండునని వాపోయాడు. ఇబ్న్ తుఫైల్ తనకు వయసు మళ్ళిందని, ఆ పని మరొక వైద్యుడికి, ఇబ్న్ రుష్ద్‌కు (1126-1198) అప్పగించాడు. ఖలీఫాకే అర్థం కానిది గోదాము కుర్రవాడికి అర్థం కాలేదని మనం వెక్కిరించనక్కరలేదు కదా!

ఇబ్న్ రుష్ద్ ఏం చేశాడు? మూడు కొలతల్లో వ్యాఖ్యానాలు రాశాడు: చిన్నది, మధ్యది, పెద్దది. చిన్నదానిలో సారాంశం, మధ్యదానిలో తేటమాటల్లో వివరణ, పెద్దదానిలో మూలాన్ని ముక్క ముక్కగా పెట్టి విచారణ. విషయం ఒకటే, మెట్లు మూడు. ఎక్కగలిగినంత ఎక్కవచ్చు; కింది మెట్టు మీద ఉన్నవాడికి కూడా పై మెట్టు కనిపిస్తూనే ఉంటుంది.

ఇక ఇబ్న్ తుఫైల్ రాసిన హయ్ ఇబ్న్ యక్జాన్ కథ చూడండి. మనుషులు లేని దీవిలో ఒక పిల్లవాణ్ణి లేడి పాలిచ్చి పెంచుతుంది. లేడి చనిపోతుంది. కళ్ళున్నాయి, చెవులున్నాయి, ఎక్కడా గాయం లేదు, మరి కదలదేమి? పిల్లవాడు రొమ్ము కోసి చూస్తాడు. గుండెలో రెండు గదులు. ఒక దానిలో గడ్డకట్టిన రక్తం, రెండోది ఖాళీ. అందులో ఉన్నది ఏదో వెళ్ళిపోయిందనుకుంటాడు. వైద్యశాస్త్రరీత్యా ఆ ముగింపు నేడు నిలవదు. కాని మొదటిసారి శవపరీక్ష గదిలో నిలబడిన ప్రతి మెడికో కడుపులోనూ ఆ ప్రశ్న మెదులుతుంది. ఆత్మ అనే మాట ఒక్కసారి కూడా వాడకుండా ఆ ప్రశ్నను ఏ పల్లెటూరి పిల్లవాడి ముందైనా పెట్టవచ్చు. సులభంగా చెప్పడమంటే ఇదీ.

ఈ దేశంలో తత్వశాస్త్రం చాలాకాలం బడులలో లేదు. 2018 డిసెంబరులో దాన్ని హైస్కూలు చదువులో చేరుస్తామని ఇక్కడి విద్యామంత్రి ప్రకటించారు. 2021 డిసెంబరులో రియాద్‌లో కింగ్ ఫహద్ నేషనల్ లైబ్రరీలో మొదటి తత్వశాస్త్ర మహాసభ జరిగింది. మన పొరుగువాళ్ళు వదిలిపెట్టిన దారిని మళ్ళీ పట్టుకుంటున్నారు. మన ఇంటి సంగతి ఏమిటి?

తెలుగులో ప్రయత్నం జరగలేదనడం కృతఘ్నత. 1906లో కొమర్రాజు లక్ష్మణరావు గారు, మిత్రులు విజ్ఞానచంద్రికా మండలి పెట్టి చరిత్రను, శాస్త్రాలను తెలుగులోకి తెచ్చారు. గిడుగు రామమూర్తి గారు చదువు వాడుకభాషలో ఉండాలని జీవితమంతా పోరాడారు. 1968లో హైదరాబాదులో తెలుగు అకాడమి ఏర్పడి కాలేజీ చదువులకు తెలుగు పుస్తకాలు తయారుచేసింది. ఆ పని లేకపోతే తెలుగు మీడియం డిగ్రీ అన్నది ఉండేదే కాదు. 1982లో ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయం, మన దేశంలో ఆ రకంలో మొదటిది, మొదలైంది. 1991 నుంచి అది డాక్టర్ బి.ఆర్.అంబేద్కర్ పేరు మీద నడుస్తున్నది. ఇంటరు పాసు కానివాళ్ళు కూడా అర్హత పరీక్ష రాసి డిగ్రీలో చేరే వీలు అది కల్పించింది. బస్సు కండక్టర్లు, ఇంటి ఇల్లాళ్ళు, గల్ఫు కూలీలు డిగ్రీ చదవగలిగారంటే ఈ మహానుభావుల చలవే. తలుపు తెరిచారు. కాని ఎత్తయిన గడపను అట్లాగే ఉంచేశారు. తలుపు తెరిచాము కదా, లోపలికి రాలేకపోతే వాడి కర్మ అనడం న్యాయం కాదు.

గడప తగ్గించినవాళ్ళూ ఉన్నారు. గోపీచంద్ (1910-1962) నవలా రచయితగా మనకు తెలుసు. ఆయన తత్వవేత్తలు అని పుస్తకం కూడా రాశారు. కథ చెప్పడం వచ్చిన మనిషి తత్వం చెబితే చదివేవాడు పేజీ తిప్పుతాడు. అమెరికాలో విల్ డ్యూరంట్ అదే పని చేశాడు. ఆయన న్యూయార్కులో కార్మికుల కోసం ఒక చర్చిలో ఉపన్యాసాలిచ్చేవాడు. వాటిని అయిదు సెంట్ల చిన్న పుస్తకాలుగా అచ్చు వేశారు. అవన్నీ కలిసి 1926లో స్టోరీ ఆఫ్ ఫిలాసఫీ అయ్యాయి. ప్రొఫెసర్లు కొందరు పెదవి విరిచారు, జ్ఞానమీమాంసను తేల్చేశాడన్నారు. ఆ విమర్శలో నిజం లేకపోలేదు. తత్వవేత్తల జీవితాలు చెప్పే పుస్తకాలన్నిటికీ ఉన్న ప్రమాదమే అది: మనిషి మీద ప్రేమ కలుగుతుంది, వాదం పట్టు చిక్కదు. కాని అవి ఇబ్న్ రుష్ద్ చిన్న వ్యాఖ్యానం వంటివి, మొదటి మెట్టు. తెలుగులో మనకు మొదటి మెట్టు ఉన్నది, పై అంతస్తూ ఉన్నది. మధ్య మెట్టు లేదు. డిగ్రీ విద్యార్థి నిలబడవలసింది సరిగ్గా అక్కడే.

సంస్కృత పదాలన్నీ తీసిపారేసి కొత్తవి పుట్టిద్దామనేవారు కూడా ఉన్నారు. మేము ఒప్పుకోము. అనుమానం, ఉపాధి, ఆప్తుడు - ఈ మాటల వెనక రెండువేల ఏళ్ళ వాదవివాదాలున్నాయి. మాటను పారేస్తే వాటికి దారి పోతుంది. అరబ్బులు గ్రీకు మాటనే ఫల్సఫా అని ఉంచుకొని దానిని తమది చేసుకున్నారు. మాట ఎక్కడిదన్నది కాదు, దాన్ని ఇంటికి తెచ్చి నలుగురికి పరిచయం చేశారా లేదా అన్నది ముఖ్యం. పైగా ఇంటి అర్థానికి, శాస్త్రార్థానికి మధ్య ఉన్న తగాదా అడ్డంకి అనుకున్నాముగాని, అదే మంచి పాఠం. సందేహమనే అర్థంలో అనుమానం ఉన్నవాడే గుర్తులు వెతుకుతాడు. గుర్తులు వెతికితే శాస్త్రార్థంలో అనుమానం పుడుతుంది. ఆ కుర్రవాడి తప్పుడు ప్రశ్నలో ఎంతో కొంత ఒప్పు ఉన్నది.

మన పిల్లల మాట కూడా ఒకటి చెప్పాలి. ఇక్కడి ఇండియన్ స్కూళ్ళలో చదివే మన పిల్లలకు ఇంగ్లీషు మాటలు వచ్చు, తెలుగు మాటలు రావు; గోదాము కుర్రవాడికి తెలుగు వచ్చు, పుస్తకం తెలుగు రాదు. ప్లస్ టూ కాగానే మనవాళ్ళు ఇంజనీరింగుకో మెడిసినుకో వెళతారు. మేమూ అట్లా వెళ్ళినవాళ్ళమే. నేను నమ్మేదానికి ఆధారమేమిటి అన్న ప్రశ్న మమ్మల్ని ఏ క్లాసులోనూ ఎవరూ అడగలేదు. ముప్పై దాటాక ఒక రోగి అడిగాడు. అంచేత ఇది కూలీల కోసం మనం చేసే ఉపకారం అనే భ్రమ ఎవరికీ వద్దు.

విమర్శించి ఊరుకోవడం తేలిక. సంఘం ముందు మూడు చిన్న పనులు పెడుతున్నాము. ఒకటి, ఈ పత్రికలో సంచికకు ఒక మాట చొప్పున ఒక పేజీ: ఇంటి అర్థం, శాస్త్రార్థం, ఒక ఉదాహరణ, ఒక ప్రశ్న. ఏడాది పేజీలు కలిపి కుడితే దూరవిద్య పిల్లలకు చేతి పుస్తకం అవుతుంది. రెండు, శుక్రవారం సాయంత్రం ఎవరి ఇంట్లోనైనా ఒక గంట. ఉపన్యాసం వద్దు. ఒక ప్రశ్న, చుట్టూ మనుషులు, చాయ్. క్యాంపుల్లో ఉండేవారిని కారులో తీసుకొని రావడం కారున్నవారి పని. మూడు, డిగ్రీ పుస్తకాలు రాసే అధ్యాపకులు మన బంధువుల్లో, మిత్రుల్లో ఉంటే ఈ వ్యాసం కాపీ ఒకటి పంపండి. కోపం వస్తే జవాబు రాయమనండి, తప్పకుండా వేస్తాము.

ఆ కుర్రవాడు పుస్తకం తిరిగి తీసుకొని వెళ్ళాడు. పరీక్ష ఇంకా రాయవలసి ఉన్నది. ఈసారి పాసవుతాడని మేము ప్రమాణం చెయ్యలేము. అనుమానం మాత్రం, శాస్త్రార్థంలో, ఉన్నది. వెళుతూ వెళుతూ ద్రవ్యం సంగతి ఏమిటి సార్ అన్నాడు. వచ్చే సంచికలో మొదటి పేజీ దానికే. రాయగలవారు ముందుకు రావలసిందని మనవి.